ఏసీ గ్యాస్ ఊరికే అయిపోదు

ఎపిసోడ్‌లో టైం చాలక సగంలో వదిలేసిన సంగతి ఇక్కడ రాస్తున్నా.

పోయిన ఎండాకాలం నా పాత కారులో ఏసీ పనిచేయలేదు. సనాయాలో ఒక గ్యారేజీవాడు "గ్యాస్ ఖతం భాయ్" అని నింపి 8 రియాళ్లు తీసుకున్నాడు. ఇరవై రోజులకి మళ్లీ వేడిగాలి. మళ్లీ గ్యాసే, మళ్లీ 8. ఐటీఐ చదివిన నేనే రెండుసార్లు ఇచ్చానంటే సిగ్గేస్తుంది.

ఏసీ గ్యాస్ పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న గొట్టాల్లోనే తిరుగుతుంది. అంత తొందరగా తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే.

మూడోసారి, మా సైట్‌లో జేసీబీ నడిపే తమ్ముడు చెప్పిన షాపుకి వెళ్లా. అతను ముందు నైట్రోజన్ పట్టి, జాయింట్లకి సబ్బునీళ్లు రాశాడు. కండెన్సర్ దగ్గర బుడగలొచ్చాయి. రబ్బరు రింగు మార్చి, వాక్యూమ్ పెట్టి, అప్పుడు గ్యాస్ పట్టాడు. పాత రింగు నా చేతిలో పెట్టాడు.

కొత్త షాపుకి ఇప్పుడు ముందు ఆయిల్ మార్పిడి లాంటి చిన్న పనే ఇస్తా. రేటు వాట్సాప్‌లో పెట్టించుకుంటా, పాత పార్టు అడుగుతా. బిల్లు మాత్రం వదలొద్దు అన్నా, అది లేకుండా వినియోగదారుల రక్షణ సంస్థకి వెళ్తే చూపించడానికి ఏముంటుంది?

బ్రేకుల దగ్గర బేరాలొద్దు. అమెరాత్–బౌషర్ కొండ దిగేటప్పుడు బ్రేకు మీదే కాలుంచితే ప్యాడ్లు వేడెక్కి పట్టు తగ్గుతుంది. చిన్న గేర్‌లో దిగాలి. మొన్న అతను చక్రం విప్పి, "ప్యాడ్లు ఇంకా రెండు నెలలొస్తాయి, ఇప్పుడొద్దు" అన్నాడు. రోజూ నాతో రూమ్‌వాళ్లు ముగ్గురు ఎక్కుతారు. మార్చేయమన్నా.