పురపాలక పీఠం – దేశ రాజకీయం

నేను మునిసిపల్ హైస్కూల్లో తెలుగు చెప్పే ఉపాధ్యాయుణ్ణి. కొన్నాళ్ళ క్రితం నా దగ్గర చదువుకున్న కుర్రవాడొకడు ఒక కథ రాసి తెచ్చాడు. మురికివాడలో వీధి కుళాయికి నీళ్ళు రావు. ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో మునిసిపల్ ఛైర్మన్ ఇంటికి వెళ్తారు. ఛైర్మన్ బొజ్జ నిమురుకుంటూ నవ్వుతాడు. ఆఖరి వాక్యంలో ఒక బిందె గిరగిరా తిరుగుతూ వచ్చి అతని వాకిట్లో పడుతుంది. కథ నాకు నచ్చింది. వస్తువు మంచిదనీ, ముగింపులో పోరాట స్ఫూర్తి ఉందనీ మెచ్చుకున్నాను. ఒక సాహిత్య సభలో దాన్ని ఉదాహరణగా కూడా పేర్కొన్నాను. ఆ మెప్పు తొందరపాటని తర్వాత తెలుసుకున్నాను. ఎందుకు తొందరపాటో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నా అభిప్రాయం మారడానికి కారణం జవహర్‌లాల్ నెహ్రూ ఆత్మకథలోని కొన్ని పేజీలు. 1934–35లో జైల్లో రాసి, 1936లో ప్రచురించిన ఆ గ్రంథాన్ని మనం సాధారణంగా జాతీయోద్యమ చరిత్రగా చదువుతాం. అందులో ఆయన అలహాబాదు పురపాలక సంఘానికి అధ్యక్షుడుగా పనిచేసిన కాలం గురించి రాసిన భాగాన్ని చాలామంది దాటేసి పోతారు. నేనూ ఎమ్.ఏ. రోజుల్లో దాటేసిన వాణ్ణే. కాని వీధి దీపం, మురికి కాలువ, ఇంటి పన్ను అనే చిన్న విషయాల నుంచి రాజ్యస్వభావాన్ని చూపించిన పేజీలవి. రచయితలు వాటిని శ్రద్ధగా చదవాలి.

ముందు కొంత చరిత్ర చెప్పుకోవాలి. 1882 మే నెలలో రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలన మీద ఒక తీర్మానం వెలువరించాడు. ప్రజలకు రాజకీయ శిక్షణ ఇవ్వడానికి స్థానిక సంస్థలు సాధనం కావాలని దాని సారాంశం. మాట గొప్పదే. ఆచరణలో మాత్రం ఓటు హక్కు ఆస్తికీ పన్నుకూ ముడిపడింది. ఖజానా మీదా, చట్టం మీదా పట్టు ప్రభుత్వం దగ్గరే ఉండిపోయింది. శిక్షణ మనకు, అధికారం దొరకు. అయినా మన నాయకులు ఎందరో ఆ బడిలోనే ఓనమాలు దిద్దారు. టంగుటూరి ప్రకాశం పంతులు బారిస్టరు చదువుకు ఇంగ్లండు వెళ్ళక ముందే రాజమహేంద్రవరం మునిసిపల్ ఛైర్మన్‌గా పనిచేశారు. ఆయన ‘నా జీవిత యాత్ర’లో ఆనాటి పురపాలక రాజకీయాల ముచ్చట్లు ఉన్నాయి. ఎత్తులూ పైయెత్తులూ, కక్షలూ పంతాలూ చదువరిని బాగా ఆకట్టుకుంటాయి.

1922 ఫిబ్రవరిలో, చౌరీచౌరా సంఘటన తర్వాత, సహాయ నిరాకరణోద్యమం ఆగిపోయింది. ఉద్యమం ఆగినచోట కార్యకర్తలకు ఏదో ఒక పని కావాలి. ఆ దశలో కాంగ్రెసు నాయకులు పురపాలక సంఘాల్లోకి వచ్చారు. 1923లో నెహ్రూ అలహాబాదు సంఘాధ్యక్షుడయ్యాడు. 1924లో చిత్తరంజన్ దాస్ కలకత్తా తొలి మేయరుగా ఎన్నికయ్యాడు. అదే ఏడు వల్లభ్‌భాయ్ పటేల్ అహ్మదాబాదులో, రాజేంద్రప్రసాద్ పాట్నాలో ఆ బాధ్యతల్లోకి వచ్చారు. కలకత్తా కార్పొరేషన్‌కు ముఖ్య కార్యనిర్వహణాధికారిగా ఉన్న సుభాష్ చంద్ర బోస్‌ను 1924 అక్టోబరులో ప్రభుత్వం నిర్బంధించి, ఆ తర్వాత మాండలే జైలుకు పంపింది. నగరం చెత్త ఎత్తించే అధికారి ప్రభుత్వం కళ్ళకు రాజద్రోహిగా కనిపించాడు! స్థానిక పాలన వేరు, రాజకీయం వేరు అనే వాదానికి ఈ ఒక్క సంఘటనే చాలినంత జవాబు. ఆ బోసే 1930లో అదే నగరానికి మేయరు అయ్యాడు.

నెహ్రూ ఆ పదవిని మొదట తలకు చుట్టుకున్న భారంగానే తీసుకున్నాడు. దేశమంతా తిరగవలసిన మనిషి, కాంగ్రెసు ప్రధాన కార్యదర్శి బాధ్యతలు మోస్తున్న మనిషి, కాలువల దస్తాలు చూడాలంటే విసుగు సహజం. కాని క్రమంగా ఆ పనిలో ఆయనకు ఆసక్తి పుట్టింది. పట్టణానికి ఏదైనా చేయవచ్చునన్న ఆశ కలిగింది. ఆ ఆశ ఎలా దెబ్బతిన్నదో ఆయన దాచకుండా రాశాడు. పురపాలక యంత్రాన్ని ప్రభుత్వం ఇనుప చట్రంలో బిగించి తయారుచేసింది. కొత్తగా ఏది చేయబోయినా చట్టం అడ్డుపడుతుంది. డబ్బు విషయంలో సంఘం ఎప్పుడూ ప్రభుత్వం దయ మీద ఆధారపడే ఉండాలి.

ఈ మాటలు సాధారణంగా వినిపిస్తాయి. కాని ఆయన ఇచ్చిన ఉదాహరణ పదునైనది. భూమి విలువ మీద పన్ను వేయాలని ఒక ఆలోచన వచ్చింది. ఆ పన్ను ఎవరి మీద పడుతుంది? సివిల్ లైన్స్‌లో విశాలమైన ఆవరణల మధ్య బంగళాలున్న వాళ్ళ మీద పడుతుంది. అది చట్టాలకు విరుద్ధమని జిల్లా అధికారి తేల్చాడు. ఆ ఆలోచన అక్కడితో ఆగిపోయింది. మరి ప్రభుత్వానికి అభ్యంతరం లేని పన్ను ఏది? పట్టణంలోకి వచ్చే సరుకు మీద వేసే ఆక్ట్రాయ్ సుంకం. బియ్యం మీద, పప్పు మీద, కట్టెల మీద పడే సుంకం చివరకు కొనుక్కుతినేవాడి మీదే పడుతుంది. కూలివాడి గంజిలో పన్ను ఉంటుంది, బంగళా తోటకు ఉండదు. ఒక పురపాలకాధ్యక్షుడు రెండు పన్నులను పక్కపక్కన పెట్టి చూపించిన ఈ దృశ్యంలో వలస రాజ్యం వర్గ స్వభావమంతా ఉంది. ఎన్ని ఉపన్యాసాలు చెప్పినా ఇంత స్పష్టంగా చెప్పలేం.

ఆయన ఇంకొక మాట కూడా అన్నాడు. ఏటేటా ప్రభుత్వ నివేదికలు స్థానిక సంస్థల అసమర్థతను ఎత్తిచూపుతాయి. పత్రికలు దానికి వంత పాడతాయి. ఆ తర్వాత, చూశారా, ఈ దేశానికి ప్రజాస్వామ్యం సరిపడదు అని నీతి తీస్తారు. చేతులు కట్టేసి, ఈత రాదని వెక్కిరించడమంటే ఇదే. నా మెప్పు ఎక్కడ తప్పిందో నాకు ఇక్కడ తెలిసింది. కథలోని నవ్వే ఛైర్మన్‌ను చూసి పాఠకుడు ఏమనుకుంటాడు? ‘మనవాళ్ళు ఇంతే, ఎన్నికైనవాళ్ళంతా దొంగలే’ అనుకుంటాడు. ఆనాటి ప్రభుత్వ నివేదిక కోరిన అభిప్రాయం కూడా అదే. అభ్యుదయ కథ తెలియకుండానే దొర నివేదికకు అనుబంధమయింది.

అయితే కుర్చీలో కూర్చున్నవాడి చూపు ఒక్కటే చాలదు. అదే పురపాలక సంఘాన్ని గుమ్మం బయట నుంచి చూసిన చరిత్ర మన తెలుగునాట ఉంది. చీరాల, పేరాల గ్రామాలను 1919లో ప్రభుత్వం మునిసిపాలిటీగా మార్చింది. అడగని హోదా వచ్చింది, దాని వెంట పన్నులు ఎన్నో రెట్లు పెరిగాయి. నేతగాళ్ళు, చిన్న రైతులు, కూలీలు ఉన్న ఊరు అది. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో ప్రజలు మునిసిపాలిటీ వద్దన్నారు. పన్నులు కట్టలేదు, జైళ్ళకు వెళ్ళారు. 1921లో వేలాది జనం ఇళ్ళు వదిలి, పట్టణం హద్దు దాటి, రామనగర్ అనే పాకల ఊరు కట్టుకుని నెలల తరబడి ఎండలో వానలో గడిపారు. హద్దు దాటితే పన్ను లేదు కనక ఊరే హద్దు దాటింది!

చీరాల జనం మునిసిపాలిటీని వదిలి వెళ్ళిన రెండేళ్ళకు కాంగ్రెసు నాయకులు మునిసిపాలిటీల్లో కూర్చున్నారు. ఇది వైరుధ్యమా అని విద్యార్థులు అడుగుతారు. పైకి వైరుధ్యమే. కాని లోతుగా చూస్తే ప్రశ్న ఒక్కటే. పన్ను ఎవరి మీద వేయాలో, ఎంత వేయాలో, దాన్ని దేనికి ఖర్చు పెట్టాలో నిర్ణయించే హక్కు ఎవరిది? ఆ హక్కు లేని మునిసిపాలిటీని చీరాల సామాన్యుడు గుర్తించి వదిలేశాడు. అలహాబాదు అధ్యక్షుడు సుమారు రెండేళ్ళు దానితో పెనుగులాడి గుర్తించి, పదవి వదిలేశాడు. సామాన్యుడు ముందుగా గుర్తించాడన్న సంగతి మనం మరవకూడదు. మేయరు చూపులో యంత్రం లోపలి భాగాలు కనిపిస్తాయి. ఆ యంత్రం కింద నలిగేవాడి నొప్పి మాత్రం గుమ్మం బయట నిలబడ్డవాడికే తెలుస్తుంది. రచయితకు రెండూ కావాలి.

నెహ్రూ పట్ల విమర్శ లేకుండా ఈ చర్చ ముగించడం న్యాయం కాదు. 1947 నుంచి 1964 వరకు ఆయన దేశ ప్రధాని. పురపాలక సంఘానికి చేతులు కట్టేశారని రాసిన కలం అప్పుడు ఆయన జేబులోనే ఉంది. రాజ్యాంగం స్థానిక పాలనను రాష్ట్రాల జాబితాలో పెట్టింది. ఆదేశిక సూత్రాల్లో, 40వ అధికరణంలో, గ్రామ పంచాయతీల ప్రస్తావన ఉంది, పట్టణాల ప్రస్తావన లేదు. 1959 అక్టోబరులో నెహ్రూ రాజస్థాన్‌లోని నాగౌర్‌లో పంచాయతీరాజ్‌ను ప్రారంభించాడు. అదే నెలలో మన షాద్‌నగర్‌లోనూ ప్రారంభించాడు. పట్టణాలకు అలాంటి రోజు ఆయన జీవితకాలంలో రాలేదు. అధికారం కింది మెట్టు మీద ఉన్నవాడికి పై మెట్టు చేసే అన్యాయం కనిపిస్తుంది. పై మెట్టు ఎక్కాక అదే అన్యాయం పరిపాలనా సౌలభ్యంగా కనిపిస్తుంది. ఇది ఒక వ్యక్తి లోపం మాత్రమే కాదు. కాంగ్రెసులో, ఆ తర్వాత వచ్చిన పార్టీల్లో, రాష్ట్రాల రాజధానుల్లో మనం చూస్తూ వచ్చిన సంగతే.

74వ రాజ్యాంగ సవరణ 1992లో ఆమోదం పొంది 1993 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చింది. పట్టణ సంస్థలకు ఐదేళ్ళ పదవీకాలం, స్త్రీలకూ దళితులకూ ఆదివాసులకూ స్థానాల కేటాయింపు వచ్చాయి. పన్నెండవ షెడ్యూలులో నీటి సరఫరా, పారిశుద్ధ్యం, మురికివాడల అభివృద్ధి వంటి 18 అంశాలు చేర్చారు. ఇవి తక్కువ సాధించినవి కావు. ఏనాడూ గడప దాటనివ్వని ఆడవాళ్ళు వార్డు సభ్యులై నిలదీయడం నేను కళ్ళారా చూశాను. కాని ఆ 18 అంశాలను తప్పక ఇవ్వాలని సవరణ అనలేదు, రాష్ట్ర శాసనసభ ఇవ్వవచ్చు అన్నది. ఏ పన్నులు వేయవచ్చో చెప్పేదీ రాష్ట్రమే. మేయరును కౌన్సిలు ఎన్నుకుంటుంది, కార్యనిర్వాహకాధికారం మాత్రం ప్రభుత్వం నియమించే కమిషనర్ చేతిలో ఉంటుంది. 1888 నాటి బొంబాయి చట్టం వేసిన బాట ఇది. విశాఖపట్నం మహానగరం 2012 నుంచి 2021 వరకు ఎన్నికైన కౌన్సిలు లేకుండా, ప్రత్యేకాధికారుల పాలనలో గడిచింది. ఆక్ట్రాయ్ సంగతి చూద్దాం. అది 2017 జులైలో జి.ఎస్.టి.తో పూర్తిగా పోయింది. నెహ్రూ నిందించిన సుంకం పోయినందుకు సంతోషించాలి. కాని దానితోపాటు బొంబాయి వంటి నగరాలకు తాము విధించుకునే పెద్ద ఆదాయం కూడా పోయింది, నష్టపరిహారం కోసం పై ప్రభుత్వం వైపు చూడవలసి వచ్చింది. సరుకు మీద పన్ను మాత్రం కొనేవాడి మీద పడుతూనే ఉంది.

ఈ సంగతులన్నీ ఆ కుర్రవాడికి చెప్పాను. అతను కాసేపు మౌనంగా కూర్చుని, “అయితే ఛైర్మన్ మంచివాడని రాయమంటారా మాస్టారూ? మా పేటలో ఆయన గుత్తేదారుతో వాటా వేసుకున్న సంగతి అందరికీ తెలుసు గదా!” అన్నాడు.

ఇది న్యాయమైన ప్రశ్న. పై అధికారాన్ని చూపించే పేరుతో కింది దొంగను వదిలేయడం అభ్యుదయం కాదు. నేను అతనితో చెప్పింది ఇంతే: “నీ ఛైర్మన్‌ను దొంగగానే ఉంచు. కాని అతను ఎవరి ముందు చేతులు కట్టుకు నిలబడతాడో కూడా చూపించు. కుళాయికి నీళ్ళు రాకపోవడానికి పైపు ఎక్కడ ఆగిందో, దస్తా ఎక్కడ ఆగిందో వెళ్ళి చూసిరా. నీళ్ళు పెద్ద కాలనీకి వస్తున్నాయా, వస్తే ఏ వేళకు వస్తున్నాయో అడుగు. ఆ తర్వాత బిందె ఎవరి వాకిట్లో పడాలో నువ్వే నిర్ణయించుకో.”

మన కథల్లో రాజ్యం అంటే పోలీసు లాఠీ, లేదా ఢిల్లీ ఉపన్యాసం. వీటికి మధ్య ఉన్న పెద్ద ప్రదేశం, అంటే ఇంటి పన్ను రసీదు, వార్డు సభ ఎజెండా, టెండరు కాగితం, బదిలీ అయిన కమిషనర్ ఖాళీ కుర్చీ, మన సాహిత్యంలో తగినంతగా రాలేదు. పేదవాడు రాజ్యాన్ని రోజూ కలుసుకునేది అక్కడే. అది రాయాలంటే ఆవేశం ఒక్కటే చాలదు, బడ్జెటు పుస్తకం కూడా చదవాలి. విసుగు పుట్టించే ఆ అంకెల్లో ఎవరి మీద పన్ను పడింది, ఎవరి వీధికి దీపం వచ్చింది అన్న కథ ఉంటుంది.

కుర్రవాడు కథను తిరిగి తీసుకెళ్ళాడు. నెల తర్వాత మూడు పేజీల కథ తొమ్మిది పేజీలై వచ్చింది. అందులో కొంత అనవసర సమాచారం ఉంది, నడక కుంటింది. ఆ సంగతి అతనికి చెప్పాను. కాని ఈసారి ఛైర్మన్ నవ్వలేదు. ఆడవాళ్ళు వచ్చేసరికి అతను జిల్లా కార్యాలయం వరండాలో, చేతిలో దస్తాతో, పిలుపు కోసం ఎదురుచూస్తున్నాడు. ఆ వరండా దాకా నడిచి వెళ్ళిన ఆడవాళ్ళు ఇద్దరినీ, బయట కూర్చున్నవాణ్ణీ లోపల కూర్చున్నవాణ్ణీ, ఒకే ప్రశ్న అడిగారు. సభలో నేను ముందు మెచ్చుకున్న కథను వెనక్కి తీసుకుని, ఈ కథ గురించి మాట్లాడాలని ఉంది.