సర్వర్ తాళం ఒక్కరి దగ్గరేనా?

యాప్ రాయడం వేరు, రాసింది సర్వర్‌లోకి ఎక్కి జనానికి చేరడం వేరు. ఈ రెండో పనినే డిప్లాయ్‌మెంట్ అంటాం. కాలేజీలో దీని గురించి పెద్దగా చెప్పరు. ఉద్యోగంలో చేరాక మాత్రం మొదటి నెలలోనే ఎదురవుతుంది. పెద్ద కంపెనీల్లో దీనికోసం ప్రత్యేకంగా టీమ్‌లు ఉంటాయి. మరి ముగ్గురో నలుగురో ఉన్న చోట? సీనియర్ ఎవరైతే వాళ్లే సర్వర్‌లోకి లాగిన్ అయి, ఫైళ్లు కాపీ చేసి, రీస్టార్ట్ కొట్టి, దేవుడికి దండం పెట్టుకుంటారు!

45 నిమిషాల్లో 46 కోట్ల డాలర్లు

ఇలా చేత్తో చేసే పనిలో ఒక్క అడుగు తప్పితే ఏమవుతుందో చెప్పడానికి ఇప్పటికీ అందరూ గుర్తుచేసే ఉదాహరణ ఒకటుంది. అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల ట్రేడింగ్ సంస్థ 2012లో తన సర్వర్లలో కొత్త కోడ్ ఎక్కించింది. మొత్తం 8 సర్వర్లు. ఏడింటిలో కొత్త కోడ్ చేరింది, ఒకదాంట్లో చేరలేదు. ఆగస్టు 1న మార్కెట్ తెరవగానే ఆ ఎనిమిదో సర్వర్‌లో ఎప్పుడో వాడటం మానేసిన పాత కోడ్ నిద్రలేచింది. ఆపకుండా ఆర్డర్లు పెట్టేసింది. సుమారు 45 నిమిషాల్లో పరిస్థితి చెయ్యి దాటిపోయింది. నష్టం 46 కోట్ల డాలర్ల పైమాటే.

ఆ తర్వాత అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ విచారణ చేసింది. కోడ్ అన్ని సర్వర్లలోకి చేరిందా అని రెండో మనిషి చూడలేదనీ, చూడాలని రాసిపెట్టిన పద్ధతి కూడా అక్కడ లేదనీ తేల్చింది.

'అన్న' ఊళ్లో లేకపోతే?

మన చిన్న టీమ్‌లకు కోట్లు పోవు. పోయేది మనశ్శాంతి. హైదరాబాద్‌లో మేం నలుగురం కలిసి పనిచేసే చోట, కోడ్ లైవ్‌లో పెట్టాలంటే 11 స్టెప్పులు. అవన్నీ మా సీనియర్ బుర్రలోనే ఉండేవి. ‘‘అన్నా, ఇది లైవ్‌లో పెట్టొచ్చా?’’ అని అడగడం మా దినచర్య. ఆయన చెల్లెలి పెళ్లి రోజున ఒక చిన్న సవరణ అర్జెంటుగా వెళ్లాల్సి వచ్చింది. పెళ్లి మండపం పక్కనే ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని, పట్టుపంచెలో కూర్చుని ఆ పని చేశాడాయన. అలా ఎన్నాళ్లు? మర్నాడే 11 స్టెప్పులనూ ఫైల్లోకి ఎక్కించే పని మొదలెట్టాం.

ఆ ఫైల్ ఏం చేస్తుంది?

కోడ్ గిట్‌హబ్‌లో ఉంటే ‘గిట్‌హబ్ యాక్షన్స్’ వాడొచ్చు. గిట్‌ల్యాబ్‌లో ఉంటే దానికీ ఇలాంటి ఏర్పాటుంది. కోడ్‌తో పాటే ఒక యామల్ ఫైల్ పెట్టి, ఏం జరిగితే ఏం చేయాలో అందులో వరసగా రాస్తాం. ఇందులో ట్యాబ్ కొడితే ఒప్పుకోదు, ఖాళీలన్నీ స్పేస్‌లతోనే ఇవ్వాలి. కొత్తవాళ్ల తొలి గంట దీనికే పోతుంది!

మాది ఇలా నడుస్తుంది. మెయిన్ బ్రాంచ్‌లో కోడ్ కలవగానే గిట్‌హబ్ ఒక కొత్త యంత్రాన్ని తెరుస్తుంది. దాంట్లో మన ల్యాప్‌టాప్‌లోని పాత ఫైళ్లు, సెట్టింగులు ఏవీ ఉండవు కాబట్టి, ‘నా ల్యాప్‌టాప్‌లో బాగానే ఉందే’ అనే వాదన అక్కడితో ఆగిపోతుంది. మొదట టెస్టులు నడుస్తాయి. ఒక్కటి ఫెయిలైనా అంతా ఆగుతుంది. పాసైతే బిల్డ్ తయారై సర్వర్‌కు వెళ్తుంది. చివర్లో సైట్ సరిగ్గా జవాబిస్తోందో లేదో అదే చూస్తుంది. ఇద్దరు ఒకేసారి కోడ్ కలిపితే ఒకదాని తర్వాత ఒకటి వెళ్లేలా సెట్టింగ్ కూడా ఉంది.

ఒక మాట మాత్రం మర్చిపోవద్దు. టెస్టులు లేకుండా ఇదంతా పెట్టుకుంటే, తప్పు జనం దగ్గరికి ఇంకాస్త తొందరగా చేరుతుంది, అంతే.

తాళాలు కోడ్‌లో వద్దు

సర్వర్ పాస్‌వర్డ్, కీలు ఆ ఫైల్లో రాయకూడదు. వాటి కోసం ‘సీక్రెట్స్’ అని వేరే చోటుంది. అక్కడ పెట్టినవి లాగ్‌లో చుక్కలుగానే కనిపిస్తాయి. పొరపాటున కీ ఒకసారి గిట్‌లోకి వెళ్లిందా, ఆ లైను తీసేస్తే సరిపోదు. పాత చరిత్రలో అది అలాగే ఉంటుంది. కీ మార్చాల్సిందే. డిప్లాయ్‌మెంట్‌కు విడిగా ఒక యూజర్‌ను పెట్టి, ఆ పనికి సరిపడా అనుమతులే ఇవ్వడం ఇంకా మంచిది.

వెనక్కి వచ్చే దారి

మేం ప్రతి వెర్షన్‌నూ వేరే ఫోల్డర్‌లో పెడతాం. ‘కరెంట్’ అనే లింక్ ఏ ఫోల్డర్‌ను చూపిస్తే అదే లైవ్. తేడా వస్తే లింక్‌ను పాత ఫోల్డర్‌కు తిప్పితే చాలు. డేటాబేస్ దగ్గర మాత్రం ఇంత సులువు కాదు. కాలమ్ తీసేశాక పాత కోడ్ వెనక్కొస్తే దానికి ఆ కాలమ్ కనిపించదు. అందుకే కొత్త కాలమ్ ముందు చేర్చండి. పాతదాన్ని ఎవరూ వాడటం లేదని తేలాక, తర్వాతి విడతలో తీయండి.

ఖర్చెంత?

అందరికీ కనిపించే పబ్లిక్ రిపోజిటరీలకు గిట్‌హబ్ మామూలు యంత్రాలు ఉచితం. ప్రైవేటు కోడ్‌కు ఉచిత ప్లాన్‌లో నెలకు 2,000 నిమిషాలు ఇస్తారు. ఒక్కోసారి 4 నిమిషాలు పట్టి, రోజుకు 10 సార్లు పంపినా, 25 పనిరోజులకు 1,000 నిమిషాలే. చిన్న టీమ్‌కు ధారాళంగా సరిపోతుంది.

ఇప్పుడు మా దగ్గర చేరి నెల కూడా కాని అమ్మాయి తన కోడ్ తానే లైవ్‌లో పెడుతోంది. ఏ స్టెప్ ఎందుకుందో ఆ ఫైల్ చదివే నేర్చుకుంది. సర్వర్ అంటే భయం లేదు. అన్నకూ సెలవు దొరుకుతోంది.

మీరూ మొదలెట్టాలనుకుంటే అన్నీ ఒకేసారి వద్దు. ముందు మీ టీమ్‌లో డిప్లాయ్ చేసేవాళ్ల పక్కన కూర్చుని, వాళ్లు కొట్టే ప్రతి కమాండ్‌నూ రాసుకోండి. ఈ వారం టెస్టులు మాత్రమే ఆటోమేటిక్‌గా నడిచేలా పెట్టండి. సర్వర్‌కు పంపడం వచ్చే వారం చూద్దాం. మీ కాలేజీ ప్రాజెక్టుకైనా ఇది పెట్టి చూపించండి, ఇంటర్వ్యూలో మాట్లాడటానికి బోలెడంత దొరుకుతుంది.