బాలలు - సౌందర్య విపణి

పండుగనాడు తెల్లవారుజామున తల్లి బిడ్డను పీటపై కూర్చుండబెట్టి, తలకు నూనె అంటి, సున్నిపిండితో నలుగు పెట్టి, తలస్నానము చేయించి, కాటుక దిద్ది జడ వేయుట మన యిండ్లలో అందఱును ఎఱిగినదే. ఆ వేడుకలో బిడ్డ కొనుగోలుదారు కాదు. "నీ ముఖమున ఈ లోపమున్నది, దానిని సవరించుటకు ఇంత వెల" అని ఎవరును ఆమెతో చెప్పరు. కాని యిటీవలి కాలమున ఆ మాటను మృదువుగా, నవ్వుచు, రంగురంగుల కాగితములలో చుట్టి బాలలతో చెప్పు వ్యాపారమొకటి లోకమున విస్తరించినది. దాని స్వభావమును గూర్చి నేడు కొంత విచారింతము.

ఈ వ్యాపారమునకు అమెరికాలో స్పష్టమైన ఉదాహరణ మొకటి కలదు. 2000వ సంవత్సరమున చికాగో నగర ప్రాంతమున మేరీ డ్రోలెట్ అను నామె "క్లబ్ లిబ్బీ లూ" అను పేర బాలికలకే ప్రత్యేకించిన అంగడిని తెఱచినది. ఐదాఱేండ్ల ప్రాయము మొదలు చిన్నారులు స్నేహితురాండ్రతో గూడి వచ్చి, కేశాలంకారము చేయించుకొని, గోళ్లకు రంగులు, మోమునకు మెఱుపులు పెట్టించుకొని, రాకుమార్తెల వేషములు ధరించెడివారు. పుట్టినరోజు విందులు అచ్చటనే జరిగెడివి. 2003లో సాక్స్ అను పెద్ద వ్యాపార సంస్థ దీనిని కొని శాఖలను పెంచినది. ఆర్థికమాంద్యము రాగా 2009 ఆరంభమున ఆ శాఖలు మూతపడినవి. అంగళ్లు మూతపడినను ఆ పద్ధతి మాత్రము నిలిచినది. బాలల స్పా విందులు, బాలల సెలూనులు నేడు పెక్కు దేశములలో కలవు. హైదరాబాదు వంటి మన నగరములలోను పిల్లలకే ప్రత్యేకించిన సెలూనులు వెలసినవి.

ఈ వ్యాపారమునకు పుట్టినరోజు విందు ఆయువుపట్టు. ఒక తండ్రి సొమ్ము చెల్లించును. పదిమంది బాలికలు వచ్చుదురు. ప్రతి బాలికయు చిన్న సంచిలో ఒక సీసాయో, ఒక రంగుడబ్బీయో పట్టుకొని ఇంటికి పోవును. మఱునాటినుండి ఆ పదిండ్లలోను అదే కోరిక మొలకెత్తును. ప్రకటనకర్తకు అయిన వ్యయము స్వల్పము. ఒక కుటుంబము ఇచ్చిన విందు తొమ్మిది కుటుంబములకు ప్రకటనయైనది. తోటివారి యింట జరిగిన వేడుక తన యింట జరుగలేదని బిడ్డ చిన్నబోవునేమో యని తల్లిదండ్రులు జంకుదురు. ఆ జంకే వర్తకుని పెట్టుబడి.

పెద్దలకును ప్రకటనలు చేయుచున్నారు గదా, పిల్లల విషయమున వేఱు నీతి యేల యని ప్రశ్నింపవచ్చును. అమెరికా మనస్తత్వశాస్త్ర సంఘము నియమించిన నిపుణుల బృందము 2004లో దీనికి సమాధానము చెప్పినది. నాలుగైదేండ్ల లోపు పిల్లలు కార్యక్రమమునకును ప్రకటనకును గల భేదమును నిలుకడగా గుర్తింపలేరు. ఏడెనిమిదేండ్లు వచ్చువఱకు ప్రకటన తమను ఒప్పించుటకే చేయబడినదని గ్రహింపలేరు. పెద్దవారు వర్తకుని మాటను వర్తకుని మాటగా విందురు. పసివారు దానిని హితుని మాటగా విందురు. ఈ భేదమే సమస్తమునకును మూలము.

చేతిఫోను వచ్చిన పిమ్మట ప్రకటన రూపమే మాఱినది. ఇప్పుడు ఒక బాలికయే తన గదిలో నిలిచి, తాను పూసికొను లేపనములను మఱియొక బాలికకు చూపుచున్నది. అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు టిక్‌టాక్‌లోని ఇట్టి 100 దృశ్యములను పరిశీలించి, 2025లో ఫలితములను ప్రకటించిరి. చూపినవారి ప్రాయము 7 మొదలు 18 ఏండ్లు. ఒక్కొక్కరు సగటున ఆఱు వస్తువులను వాడుచుండిరి. వాని వెల సగటున 168 డాలర్లు, అనగా రమారమి 14 వేల రూపాయలు. పగటిపూట వాడు వరుసలలో ఎండనుండి చర్మమును కాపాడు లేపనము 26 శాతము వానిలో మాత్రమే కనబడినది. అవసరమైనది కొఱవడి, అనవసరమైనవి కుప్పపడినవన్నమాట. మన దేశమున టిక్‌టాక్ 2020లోనే నిషేధింపబడినను, అట్టి దృశ్యములు ఇతర మార్గముల మన యిండ్లకును వచ్చుచునే యున్నవి.

ఇక చర్మము సంగతి. రెటినాల్ అను పదార్థము వయసు మీఱిన చర్మములో మందగించిన కణముల పుట్టుకను త్వరపెట్టుటకు ఉద్దేశింపబడినది. బాలల చర్మము ఆ పనిని తనంతట తానే చుఱుకుగా చేసికొనుచుండును. దానిపై రెటినాల్‌ను, పొరను ఒలుచు ఆమ్లములను పూసినచో మంట, ఎఱుపు, పొక్కులు కలుగవచ్చును. ఆమ్లముల వలన ఎండ సోకినప్పుడు కమలుట అధికమగును. సువాసన ద్రవ్యముల మూలమున ఒకసారి ఎలర్జీ ఏర్పడినచో అది తఱచుగా జీవితాంతము వెన్నాడును.

గోరింటాకు ఉదాహరణమే చూడుడు. ఆషాఢమాసమున ఆకు కోసి, రుబ్బి, బిడ్డల చేతులకు పెట్టుచున్నాము. అది పండిన పిదప ఎఱ్ఱగా నుండును. బజారులలోను వేడుకలలోను పిల్లలకు నిమిషములలో పెట్టు "నల్ల గోరింట" అది కాదు. దానిలో తఱచుగా పి.పి.డి. అను జుట్టురంగు రసాయనము కలుపుదురు. అది బొబ్బలను, మచ్చలను కలిగింపవచ్చును. అంతియ గాక, ఆనాడు ఏర్పడిన ఎలర్జీ కారణముగా ఆ బిడ్డ పెద్దయైన పిమ్మట జుట్టుకు రంగు వేసికొనినను తీవ్రమైన బాధ కలుగవచ్చును. గోరింట నల్లగా నున్నచో వలదనుట మేలు.

ప్రభుత్వములు ఏమి చేసినవి? కెనడాలోని క్వెబెక్ రాష్ట్రము 13 ఏండ్ల లోపు బాలలనుద్దేశించిన వ్యాపార ప్రకటనలను 1980 నుండి నిషేధించినది. ఆ దేశపు సుప్రీంకోర్టు 1989లో ఆ శాసనమును సమర్థించినది. స్వీడన్‌లో ఒక ఔషధశాలల సంస్థ, అపోటెక్ యార్టాట్, 15 ఏండ్లు నిండనివారికి తీవ్రమైన చర్మలేపనములను అమ్మబోమని 2024లో తానే నియమము విధించుకొన్నది. అదే యేట కాలిఫోర్నియా శాసనసభలో 13 ఏండ్ల లోపువారికి ముదిమి ఛాయలను మాన్పు లేపనముల విక్రయమును నిషేధింపగోరిన బిల్లు మాత్రము నెగ్గలేదు. మన దేశమున కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లో ప్రకటించిన నియమములు, పిల్లల అనుభవరాహిత్యమును, నమ్మకమును ప్రకటనలు సొమ్ము చేసికొనరాదనియు, వారికి తమ శరీరముపై హీనభావము కలిగింపరాదనియు శాసించుచున్నవి.

అలంకారము నేరమని మేము చెప్పబోము. తల్లి చీర చుట్టుకొని, బొట్టు పెద్దదిగా దిద్దుకొని, అద్దమున చూచి నవ్వుకొను బాలిక ఆడుకొనుచున్నది. ఆ యాటకు కర్త ఆమెయే, చాలుననిపించినప్పుడు కడిగివేయును. కుర్చీలో కదలక కూర్చుండి, మఱియొకరు తన మోమును దిద్దుచుండగా చూచు బాలిక ఆడుకొనుట లేదు. తన మోము దిద్దబడవలసినదని నేర్చుకొనుచున్నది. సీసాలోని లేపనము నెలలో ఐపోవును, ఆ పాఠము మాత్రము ఏండ్ల తరబడి నిలుచును.

కావున గృహస్థులు చేయదగిన పనులు కొన్ని కలవు. బిడ్డ ఒక లేపనము అడిగినప్పుడు కసరక, "ఇది నీకెవరు చెప్పిరి? వారికి దానివలన ఏమి లాభము?" అని అడుగుడు, ఆ ప్రశ్న బిడ్డకు జీవితమంతయు ఉపకరించును. వైద్యుడు చెప్పినది తప్ప, సబ్బు, నీరు, పొడి చర్మమైనచో కొంచెము నూనె, ఎండలో రక్షణ - వీనికి మించి బాలల చర్మమునకు వలసినది లేదు. మోసపుచ్చు ప్రకటన కనబడినచో 1915 సంఖ్యకు ఫోను చేసి ఫిర్యాదు చేయవచ్చును. అన్నిటికంటె ముఖ్యముగా, బిడ్డ వినుచుండగా మన మోమునకు గాని, ఆమె మేనిచాయకు గాని వంకలు పెట్టకుందము. వర్తకుడు ఆ లోటును క్రొత్తగా సృష్టింపలేదు. మన నోట విన్నదానికి అతడు వెల కట్టినాడు.