పెట్టె మీది అంకెలు, మే నెల ఎండ

మే నెల మధ్యాహ్నం విజయవాడ బెంజిసర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగిన బైకుల్ని గమనిస్తే, చాలా హ్యాండిళ్లకు ఫోన్లు బిగించి కనిపిస్తాయి. భోజనం పార్సిళ్లు మోసుకెళ్లే కుర్రాళ్లవి కొన్ని, బైక్ ట్యాక్సీలవి కొన్ని. ఎండకు తెర కనబడక, అరచేయి అడ్డం పెట్టి, తర్వాతి మలుపు ఎటో చూసుకుంటుంటారు. కాసేపటికి తెర ఇంకా మసకబారుతుంది. ఫోన్ చల్లబడేదాకా ఛార్జింగ్ ఆపేస్తున్నట్టు ఓ సందేశం వస్తుంది. ఆ రోజు సంపాదనంతా ఆ ఫోన్ మీదే ఆధారపడి ఉంటుంది.

కొన్నప్పుడు పెట్టె అబద్ధమేమీ చెప్పలేదు. 4,500 నిట్ల తెర, 120 వాట్ల ఛార్జింగ్, 200 మెగాపిక్సెళ్ల కెమెరా అంటూ వేసిన అంకెలు నిజమే. అవి ఎంతసేపు నిజం, ఎంత వేడిలో నిజం అన్నది మాత్రం పెట్టె మీద ఉండదు. కొత్త ఫోన్లను పక్కపక్కన పెట్టి చూసేటప్పుడు అసలు తేడా ఎక్కువగా అక్కడే దాగి ఉంటుంది.

పోయే వేడి, పడే ఎండ

ఫోన్‌కు సాధారణంగా ఫ్యాన్ ఉండదు. లోపల పుట్టిన వేడి ఒంటి మీదుగానే బయటికి పోవాలి. 16 సెంటీమీటర్ల పొడవు, 7.5 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ఫోన్ తీసుకుందాం. ముందూ వెనకా కలిపి విస్తీర్ణం 240 చదరపు సెంటీమీటర్లు. చేతికి చురుక్కుమనకుండా ఉండాలంటే పైభాగం 43, 44 డిగ్రీలు దాటకూడదు. గదిలో 28 డిగ్రీలుంటే, కదలని గాలిలో ఆ ఫోన్ నుంచి సుమారు మూడున్నర వాట్ల వేడి బయటికి పోగలదు. అదే 42 డిగ్రీల మధ్యాహ్నం ఒక్క వాటు పోవడమూ కష్టమే. ఫోన్‌కూ గాలికీ మధ్య ఉష్ణోగ్రత తేడా ఒకటి రెండు డిగ్రీలకు పడిపోయింది మరి.

ఇది నీడలో సంగతి. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు చదరపు మీటరుకు దాదాపు 1,000 వాట్ల శక్తి నేలను చేరుతుంది. అందులో మన ఫోన్ ముఖం మీద పడే వాటా 12 వాట్లు. నల్లటి తెర దానిలో ఎక్కువ భాగాన్ని పీల్చుకుంటుంది. మ్యాప్ చూపిస్తూ, డేటా లాగుతూ ఫోన్ తనంతట తాను పుట్టించే వేడి ఇందులో నాలుగో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది. అంటే దాన్ని కాల్చేది లోపలి చిప్ కంటే పైనున్న సూర్యుడే. బండి కదులుతున్నంతసేపు గాలి ఆ వేడిని ఊడ్చుకుపోతుంది. ఎర్ర లైటు పడగానే ఆ సాయం ఆగిపోతుంది.

ఐఫోన్లను 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడాలని యాపిల్ సంస్థే చెబుతుంది. శాంసంగ్ సిఫార్సు కూడా అదే. రెంటచింతలలోనో రామగుండంలోనో మార్చిలోనే ఆ గీత దాటేస్తాం.

వేడెక్కిన ఫోన్ ముందుగా చేసే పని తెర వెలుగు తగ్గించడం. పెట్టె మీద కనిపించే నిట్ల సంఖ్య అసలు తెర మొత్తానిది కాదు. వీడియోలో ఓ చిన్న భాగం తళుక్కుమన్నప్పుడు అక్కడ అందే గరిష్ఠ వెలుగు అది. ఉదాహరణకు 2024లో మన దేశంలో విడుదలైన వన్‌ప్లస్ 12 తెర గరిష్ఠ వెలుగు 4,500 నిట్లు. ఎండలో తెరంతటికీ ఇచ్చే వెలుగు 1,600 నిట్లని కంపెనీయే ప్రకటించింది. దారి చూసుకునేవాడికి పనికొచ్చేది రెండో అంకె. దుకాణంలో అడగాల్సిందీ అదే.

చిప్ సంగతీ అంతే. ‘3 నానోమీటర్ల చిప్’ అన్న మాటలోని 3 దేని కొలతా కాదు, ఆ తయారీ తరానికి పెట్టుకున్న పేరు. పాత తరం కంటే తక్కువ విద్యుత్తుతో అదే పని చేస్తుందన్నది నిజం. కానీ వేగం పెంచాలంటే వోల్టేజీ కూడా పెంచాలి. ఖర్చయ్యే విద్యుత్తు వోల్టేజీ వర్గానికి అనులోమంగా ఉంటుంది కాబట్టి, చివరి కొంచెం వేగం కోసం బోలెడు వేడిని భరించాలి. బెంచ్‌మార్క్ స్కోరు మొదటి కొద్ది నిమిషాల పరుగు. ఇరవై నిమిషాల ఆట తర్వాత ఎంత మిగిలిందో చూపించే సమీక్షలు ఉంటే వాటినే నమ్మడం మేలు.

సిలికాన్ వచ్చింది, షరతులూ వచ్చాయి

బ్యాటరీల్లో మాత్రం ఈమధ్య నిజమైన మార్పే వచ్చింది. ఏళ్ల తరబడి 5,000 ఎంఏహెచ్ దగ్గర నిలిచిపోయిన ఫోన్లు ఇప్పుడు దాదాపు అదే మందంలో 6,000, 7,000 మోస్తున్నాయి. 2025లో మన మార్కెట్లోకి వచ్చిన రియల్‌మీ జీటీ 7లో ఉన్నది 7,000. కిటుకంతా ఆనోడ్‌లో ఉంది. ఛార్జింగ్ అవుతున్నప్పుడు లిథియం అయాన్లు వెళ్లి తలదాచుకునే చోటు అది. ఇన్నాళ్లూ అక్కడ గ్రాఫైట్ ఉండేది. సిద్ధాంతరీత్యా గ్రాము గ్రాఫైట్ 372 ఎంఏహెచ్ కంటే ఎక్కువ దాచుకోలేదు. సిలికాన్ అయితే దాదాపు 3,600 దాచుకుంటుంది.

మరి మొత్తం సిలికానే పెట్టొచ్చుగా? లిథియాన్ని మింగిన సిలికాన్ మూడు నాలుగింతలు ఉబ్బుతుంది, ఖాళీ అయ్యాక ముడుచుకుంటుంది. రోజూ ఉబ్బుతూ ముడుచుకుంటూ ఉంటే చిట్లిపోతుంది. అందుకే అతి సూక్ష్మమైన సిలికాన్‌ను కార్బన్ గూట్లో పొదిగి, పరిమితంగా కలుపుతున్నారు. ‘సిలికాన్-కార్బన్ బ్యాటరీ’ అంటే ఇదే. ఫోన్‌లో ఇది మొదట కనిపించింది 2023లో, చైనాలో అమ్మిన హానర్ మ్యాజిక్ 5 ప్రోలో. ఐదేళ్లపాటు రోజూ వాడి చూసిన అనుభవం ఇంకా ఎవరికీ లేదు. ఏటా ఫోన్ మార్చేవారికి ఇది పట్టదు. ఒక్క ఫోన్‌తో నాలుగేళ్లు నెట్టుకొచ్చేవారికి పడుతుంది.

ఇక వేగంగా ఛార్జింగ్. 5,000 ఎంఏహెచ్‌ను సగటు వోల్టేజీ 3.85తో గుణిస్తే 19 వాట్-అవర్లకు కొంచెం పైన వస్తుంది. 120 వాట్లు చివరిదాకా అందితే పది నిమిషాల్లో నిండిపోవాలి. అలా జరగదు. ఆ గరిష్ఠ శక్తి మొదట్లో కాసేపే అందుతుంది, బ్యాటరీ నిండేకొద్దీ తగ్గుతూ పోతుంది. పైగా అందులో 5 శాతం వృథా అయినా 6 వాట్ల వేడి. పైన వేసిన లెక్క గుర్తుంటే, చల్లని గదిలోనే ఫోన్ వదిలించుకోగలిగిన దానికంటే అది ఎక్కువ. ఎండలో హ్యాండిల్ మీద ఛార్జింగ్ ఆగిపోతే అది ఫోన్ లోపం కాదు, బ్యాటరీని కాపాడే తెలివి. నిండుగా ఛార్జయి ఉన్న బ్యాటరీ వేడిలో ఉంటే అన్నిటికంటే త్వరగా ముసలిదవుతుంది. అందుకే 80 శాతం దగ్గర ఆపే సౌకర్యం ఉన్న ఫోన్లలో వేసవంతా దాన్ని వేసి ఉంచుకోవచ్చు.

200 మెగాపిక్సెళ్లలో కాంతికి దొరికే చోటు

కెమెరా దగ్గర భౌతికశాస్త్రం ఇంకాస్త కటువుగా ఉంటుంది. 2023లో వచ్చిన గెలాక్సీ ఎస్23 అల్ట్రాలోని 200 మెగాపిక్సెళ్ల సెన్సర్‌లో ఒక్కో పిక్సెల్ వెడల్పు 0.6 మైక్రోమీటర్లు. కంటికి కనిపించే కాంతి తరంగదైర్ఘ్యం 0.4 నుంచి 0.7 మైక్రోమీటర్లు. పిక్సెల్ దాదాపు కాంతి అలంత చిన్నదైపోయిందన్నమాట. ఎంత చక్కటి కటకమైనా కాంతి బిందువును బిందువుగా నిలపలేదు, వివర్తనం వల్ల చిన్న చుక్కగా పరుస్తుంది. ఎఫ్/1.7 కటకంతో ఆకుపచ్చ కాంతి చుక్క వ్యాసం 2.3 మైక్రోమీటర్ల దాకా వస్తుంది. ఒక్క చుక్క కింద నాలుగైదు పిక్సెళ్లు వరసగా పడతాయి. అవన్నీ చూసేది దాదాపు ఒకే సంగతి.

చీకటి పడితే చిన్న పిక్సెల్ కష్టం రెట్టింపవుతుంది. కాంతి ఫోటాన్ల రూపంలో లెక్కగా వస్తుంది. 100 ఫోటాన్లు పడితే హెచ్చుతగ్గులు 10 ఉంటాయి, అంటే 10 శాతం. 10,000 పడితే ఒక్క శాతమే. రాత్రి ఫొటోల్లో గరుకుదనం వచ్చేది ఇందువల్లే. అందుకే ఆ సెన్సర్ మామూలుగా 16 పిక్సెళ్లను కలిపి ఒకటిగా లెక్కిస్తుంది, చేతికొచ్చే ఫొటో 12 మెగాపిక్సెళ్లే. 200 దండగ అని కాదు, పట్టపగలు కొంత జూమ్ చేసేందుకు ఉపయోగపడతాయి. కానీ పోల్చాల్సింది సెన్సర్ పరిమాణాన్ని. కాంతి పట్టే పళ్లెం ఎంత పెద్దదన్నది ముఖ్యం, దాని మీద ఎన్ని గీతలు గీశారన్నది కాదు. చౌక ఫోన్లలో ‘నాలుగు కెమెరాలు’ అన్నప్పుడు అందులో 2 మెగాపిక్సెళ్లవి లెక్కలోంచి తీసేయడం న్యాయం.

బైకు మీద వెళ్లేవారు తెలుసుకోవాల్సింది మరొకటుంది. చేయి వణికినా ఫొటో చెదరకుండా ఉండేందుకు మంచి కెమెరాల్లో కటకాన్ని అయస్కాంతాల మధ్య కదిలేలా అమరుస్తారు. శక్తిమంతమైన మోటారు సైకిల్ ఇంజన్ల కంపనాలకు ఎక్కువకాలం గురైతే ఆ అమరిక దెబ్బతినవచ్చని 2021లో యాపిల్ తన వినియోగదారులను హెచ్చరించింది. మోపెడ్లు, స్కూటర్ల వంటి చిన్న బండ్లకైతే కంపనాలను పీల్చుకునే హోల్డర్‌ను సూచించింది. ఆ కటకం లేని చౌక ఫోన్‌కు ఈ ఒక్క విషయంలో బెంగ లేదు.

నీటి రక్షణ గురించి రెండు మాటలు చాలు. ఐపీ68 పరీక్ష మంచినీటిలో, కొత్త ఫోన్‌తో చేస్తారు. ఒకసారి కిందపడి అంచు లేచిన ఫోన్‌కు ఆ ముద్ర వర్తించదు, నీరు దిగితే వారంటీ కూడా చాలావరకు వర్తించదు. 5జీ విషయంలో ‘ఎన్ని బ్యాండ్లు’ అన్నదానికంటే ఏవి అన్నది చూడాలి. గోడలు దాటి లోపలికి వచ్చే 700 మెగాహెర్ట్జ్ తరంగాలకు ఎన్28 బ్యాండ్ ఉండాలి. సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట ఫోన్ గట్టిగా అరిచినట్టు ప్రసారశక్తి పెంచుకుంటుంది, బ్యాటరీ తరుగుతుంది, వేడి మళ్లీ పెరుగుతుంది.

గూగుల్ పిక్సెల్ 8, శాంసంగ్ గెలాక్సీ ఎస్24లతో ఏడేళ్ల సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ల హామీ మొదలైంది. హామీ మంచిదే, కానీ ఏడేళ్లలో బ్యాటరీ కనీసం ఒకసారి మార్చాలి. అప్పటికి విడిభాగం దొరుకుతుందా? ఐరోపా సమాఖ్యలో 2025 జూన్ 20 నుంచి దీనికి నిబంధన ఉంది. 800 ఛార్జింగ్ చక్రాల తర్వాత బ్యాటరీలో 80 శాతం సామర్థ్యం మిగలాలి, ముఖ్యమైన విడిభాగాలు ఏడేళ్లు దొరకాలి. కిందపడితే ఎంత తట్టుకుంటుందో, మరమ్మతు ఎంత సులువో తెలిపే గ్రేడ్లతో లేబుల్ ఉండాలి. మన దేశంలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ వేసిన కమిటీ 2025 మేలో ఇలాంటి మరమ్మతు సూచికనే సిఫార్సు చేసింది. మొదటి విడతలో మొబైల్ ఫోన్లూ ఉన్నాయి. 42 డిగ్రీల ఎండలో ఆ ఫోన్ ఎంతసేపు పనిచేస్తుందో చెప్పే గడి మాత్రం ఐరోపా లేబుల్‌లోనూ లేదు. వాళ్లకు దాని అవసరం తక్కువ.