తీరమునకు వచ్చువారెవరు?

విత్తు చల్లుటకు ముందు నేల గుణమరయుట రైతు నీతి. సరుకు దింపుటకు ముందు సంతకు వచ్చువారి యక్కఱ కనిపెట్టుట వర్తకుని నీతి. నెల్లూరిసీమ రైతు మొలగొలుకులకు తగిన మడి యేదియో, పనికిరాని చౌడు ఏదియో యెఱుగక నారు పోయడు. ఇంతటి వివేకము గల సీమలో సముద్రతీరమును యాత్రాస్థలముగ నొనర్పబూనినప్పుడు మాత్రము, వచ్చువాడెవడు, ఎచ్చటనుండి వచ్చును, ఏమి కోరి వచ్చును, ఏ కొఱతచేత మరల రాక మానును అను ప్రశ్నలు వెనుకబడి, కట్టడములును గోడ ప్రకటనలును ముందు నడచుచున్నవి. ఈ వరుస తలక్రిందులైనదని మా యభిప్రాయము. ముందు విచారణ, పిమ్మట కట్టడము, తుదకు ప్రచారము: ఇదియే సరియైన క్రమము.

దృష్టాంతమునకై దూరము పోనక్కఱలేదు. కేంద్రప్రభుత్వము 2014-15లో ప్రారంభించిన 'స్వదేశ్ దర్శన్' పథకము క్రింద 2015-16లో నెల్లూరు సముద్రతీర యాత్రామార్గమునకు అనుమతి లభించినది. దాదాపు 50 కోట్ల రూపాయల పథకమిది. పులికాటు సరస్సు, నేలపట్టు, ఉబ్బలమడుగు జలపాతము, కొత్తకోడూరు, మైపాడు, రామతీర్థము, ఇసకపల్లి అందులోని స్థలములు. పాఠకులు ఈ పేర్లను మరియొకమారు చదువవలెను. ఒకటి ఫ్లెమింగో పక్షులు దిగు ఉప్పునీటి సరస్సు. ఒకటి గూడబాతులు గ్రుడ్లు పెట్టు చెరువు. ఒకటి అడవిలోని జలపాతము. ఒకటి వేలాంగణి మాత మందిరము గల తీరము. ఒకటి పట్టణవాసులు సాయంకాలపు గాలికై పోవు ఇసుకతిన్నె. ఒకటి రామలింగేశ్వరుని సన్నిధిని స్నానమాడు తీర్థము. ఒకటి ఉప్పు కొఠారులకు పేరుపడిన పల్లె. ఈ యేడింటికిని వచ్చువారు ఒక్కరు కారు. పక్షులను చూడవచ్చినవానికి నిశ్శబ్దము కావలెను. పిల్లలతో వచ్చిన సంసారికి సందడి కావలెను. స్నానమునకు వచ్చిన ముదుసలికి బట్టలు మార్చుకొను మరుగు కావలెను. ఏడు స్థలములకును ఒక్కటే పాట పాడిన ప్రచారము ఎవరి చెవికిని సోకదు.

యాత్రికుల లెక్కలు లేవా యని యడుగవచ్చును. కలవు. 2019వ సంవత్సరమున ఆంధ్రప్రదేశమున స్వదేశ యాత్రికుల రాకలు సుమారు 23 కోట్ల 70 లక్షలని కేంద్ర పర్యాటక మంత్రిత్వ శాఖ ప్రకటించినది. ఉత్తరప్రదేశము, తమిళనాడుల పిమ్మట మూడవ స్థానము మనకు దక్కినది. సంతోషమే. కాని యివి మనుష్యుల సంఖ్యలు కావు, రాకల సంఖ్యలు. ఒక్కడు నాలుగుమారులు వచ్చిన నాలుగగును. అందు తిరుమలేశుని దర్శనమునకు వచ్చువారి పాలు ఎంత గొప్పదో చెప్పనక్కఱలేదు. మరియు ఇట్టి లెక్కలకు వసతిగృహముల పుస్తకములు ముఖ్యాధారము. రాత్రి బసచేసినవాని పేరు పుస్తకమున కెక్కును. మధ్యాహ్నము నెల్లూరినుండి బయలుదేరి, మైపాడున పిల్లలతో అలలలో ఆడి, ప్రొద్దు గ్రుంకిన పిమ్మట ఇల్లు చేరిన గృహస్థు పేరు ఏ పుస్తకమున నుండును? జాతీయ నమూనా సర్వే సంస్థవారు 2008-09లోను, 2014-15లోను ఇంటింటికి పోయి దేశప్రజల యాత్రలను, వాని వ్యయములను విచారించిరి. మెచ్చదగిన పని. ఐనను దేశమంతటికిని వేసిన వల కన్నులు పెద్దవి. మైపాడువంటి చిన్న తీరము అందుండి జారిపోవును. మన తీరపు లెక్క మనమే తీసికొనవలెను.

మైపాడు నెల్లూరికి సుమారు 25 కిలోమీటర్ల దూరమున నున్నది. కార్తీకమున సముద్రస్నానమునకు స్త్రీలు బండ్లు కట్టించుకొని వచ్చు కాలము పోయి ఆటోలలోను బస్సులలోను వచ్చు కాలము వచ్చినది. కాని స్నానసంకల్పము మారలేదు. మొహరము నెలలో నెల్లూరి స్వర్ణాల చెరువు గట్టున, బారాషహీదు దర్గాయొద్ద, రొట్టెల పండుగ జరుగును. చదువునకొక రొట్టె, సంతానమునకొక రొట్టె, ఇంటికొక రొట్టె యని మతభేదము లేక జనులు రొట్టెలు మార్చుకొందురు. ఇతర రాష్ట్రములనుండియు లక్షల జనము వచ్చును. వారిలో ఎందఱు సముద్రమును చూచి పోవుచున్నారు? చూడనివారు ఎందులకు చూడలేదు? దారి తెలియకనా, బస్సు లేకనా, కోరిక లేకనా? ఈ మూడు జవాబులకు మూడు వేరు వేరు చికిత్సలు గలవు. మొదటిదానికి ప్రకటన చాలును. రెండవదానికి ఎన్ని ప్రకటనలు వేసినను లాభము లేదు. మూడవదానికి ధనము వెచ్చించుటయే వ్యర్థము. రోగమెఱుగని వైద్యుడు మూడు మందులను కలిపి పోయును.

విచారణ యనగా నేమో పెద్ద శాస్త్రమని జంకనక్కఱలేదు. ఒక సంవత్సరము పొడవున, నెలకు కొన్ని దినములు ముందుగ నేర్పరచుకొని, తీరములయొద్ద నిలిచి వచ్చినవారిని లెక్కించి, ప్రతి పదవవానిని లేదా ఇరువదియవవానిని ఆపి ప్రశ్నింపవలెను. తెల్లని దుస్తులు ధరించి కారు దిగినవానిని ఏఱుకొని యడిగినచో కారుల కథయే తెలియును. ఆదివారమునాడు మాత్రమే లెక్కించిన జనసముద్రము కనబడును. మంగళవారమునాడు మాత్రమే లెక్కించిన కాకులు కనబడును. రెండును సత్యములే, ఒక్కదానిని పట్టుకొన్నవాడు మోసపోవును. ప్రశ్నలు పది చాలును: ఏ యూరు, ఎవరితో వచ్చితిరి, ఏ వాహనమున వచ్చితిరి, ఎవరు చెప్పగా వచ్చితిరి, ఎంతసేపుందురు, రాత్రి నిలుతురా, ఎంత వెచ్చించితిరి, దేనిపై వెచ్చించితిరి, ఏమి కొఱతపడినది, మరల వత్తురా. అడుగువారిలో సగమైనను స్త్రీలుండవలెను. మరుగుదొడ్డి లేక పడిన యిబ్బందిని ఇల్లాలు పరపురుషునికి చెప్పదు. అంతయు బాగుగనే యున్నదని పలికి, మరల రాక మానును. సుమారు 175 కిలోమీటర్లు ప్రయాణము చేసి చెన్నపట్టణమునుండి వచ్చిన తమిళ సోదరుని తమిళముననే యడుగవలెను. వచ్చినవారితో ముగింపక, రానివారికొఱకు రైల్వేస్టేషనునందును, బస్సు స్టాండునందును, రంగనాయకస్వామి సన్నిధియందును ఇవే ప్రశ్నలు వేయవలెను. దీనికి విదేశీ సలహాదారులు వలదు. 2008లో స్థాపింపబడిన విక్రమ సింహపురి విశ్వవిద్యాలయము మన గడపలోనే యున్నది. అందలి విద్యార్థులకు ఇంతకంటె మంచి పాఠమేది?

జవాబులు చేతికి వచ్చిన పిమ్మట ప్రచారము రూపమే మారును. వచ్చువారిలో అధికులు ఒకపూట యాత్రికులని తేలినదనుకొందము. అప్పుడు మేడగదులకంటె ముందు మంచినీరు, మరుగుదొడ్డి, దీపములు, రాత్రి యెనిమిది గంటలకు తిరిగివచ్చు బస్సు కావలెను. ప్రకటనలో చెప్పదగినదియు ఆ బస్సు వేళయే. చెన్నపట్టణమువారు పక్షులకై వచ్చుచున్నారని తేలినచో, పిలుపు తమిళములో నుండవలెను. ఈశాన్య ఋతుపవనముల వానలు వెలిసిన పుష్యమాఘములకు పిలువవలెనుగాని, తుపానుల కార్తీకమునకు గాదు, రోహిణి కార్తెల యెండకు గాదు. సూళ్లూరుపేటలో 2001లో ఆరంభమై, నడుమ కొన్నియేండ్లు నిలిచి, 2025 జనవరిలో మరల జరిగిన ఫ్లెమింగో పండుగకు వచ్చు జనమునే యడిగి చూడవచ్చును: పక్షిని చూచి పోయితిరా, పాటకచ్చేరీని చూచి పోయితిరా యని. 2022 జిల్లాల విభజనలో సూళ్లూరుపేట తిరుపతి జిల్లాకు పోయినది. యాత్రికునికి జిల్లా సరిహద్దు లేదు గాన విచారణకును ఉండరాదు.

మనది గోవా కాదు, కానక్కఱలేదు. పరుల తీరమును అనుకరించు ప్రకటన వచ్చినవానిని ఒకమారు మాత్రమే రప్పించును. మోసపోయితినని వాడు పదిమందికి చెప్పును. మన యొద్ద నున్నవానిని గూర్చి యాత్రికునికి ఏమి తెలియునో యడుగుడు. మైపాడున్న ఇందుకూరుపేట మండలముననే పల్లిపాడు గలదు. 1921 ఏప్రిల్ 7న గాంధీ మహాత్ముడు పెన్న యొడ్డున పినాకినీ సత్యాగ్రహాశ్రమమును ప్రారంభించినది అచ్చటనే. దానికి భూమి నిచ్చినది పొణకా కనకమ్మగారు. సముద్రమునకు పోవువారిలో ఎందఱికి ఈ సంగతి తెలియును? తెలిసిన ఎందఱు ఆగుదురు? నెల్లూరు చేపల పులుసు తినుటకే వచ్చువారు ఎందఱు? ఇవి గర్వముతో ఊహింపదగినవి కావు, అడిగి తెలిసికొనదగినవి.

లోకమున నిట్లు చేసినవారు లేకపోలేదు. హవాయి ద్వీపములకు పోవు విమానములలో ప్రయాణికుడు నింపవలసిన వ్యవసాయశాఖ పత్రమునకు వెనుకవైపున యాత్రికుని ప్రశ్నలను దశాబ్దములపాటు అచ్చువేసిరి. మొక్కలు, పండ్లు తెచ్చితివా యని యొకవైపు. ఎన్నిదినములుందువు, ఏ ద్వీపమునకు పోదువు అని రెండవవైపు. ఒక్క కాగితముతో రెండు పనులు. అడుగనివారి గతియు చూచితిమి. ఫిలిప్పీనులోని బోరాకే దీవి ప్రచారముచేత కిటకిటలాడి, మురుగు సముద్రమున కలియగా, 2018లో ఆరునెలలు మూయబడెను. తెఱచిన పిమ్మట ఒక్క వేళ 19,215 మంది యాత్రికులకంటె నెక్కువ యుండరాదని హద్దు విధించిరి. మూసిన పిమ్మట గాక ముందే లెక్కించియున్న ఎంత బాగుండెడిది! ఇంతయేల, మన విశాఖ ఋషికొండకు 2020లో బ్లూ ఫ్లాగ్ గౌరవము లభించినది. నిర్వహణ లోపముచేత 2025లో కొన్నాళ్లు అది తొలగింపబడి, మరల ఈయబడినది. బిరుదు సంపాదించుట ఒక యెత్తు. దానిని దినదినము నిలుపుకొనుట మరియొక యెత్తు. నిలుపుకొనుటకు వచ్చువారి మాట వినుచుండుటయే మార్గము.

ఇందు ప్రాణముల ప్రశ్నయు గలదు. మన తీరమున అలలలోనికి దిగి యువకులు మునిగిపోయిన వార్తలను మేము తఱచు ముద్రింపవలసి వచ్చుచున్నది. ఎవరు ఏ వేళ ఎంత లోతునకు దిగుచున్నారో, హెచ్చరిక పలకను ఎందఱు చదివిరో విచారణలో తేలును. కావలివాండ్రను ఏ గంటలలో, ఏ చోట నిలుపవలెనో అదియే చెప్పును. రమ్మని పిలుచు ప్రకటనకు, ఇచ్చట దిగవలదని చెప్పు బాధ్యతయు కలదు. పిలిచి ముంచుట ఆతిథ్యము కాదు.

అతిథిని అడిగినంత మాత్రమున సరిపోదు. ఇంటివానిని గూడ నడుగవలెను. ఈ తీరమునకు ఇంటివాడు పట్టపుపాళెముల జాలరి. ఇసుక మన కన్నులకు విహారస్థలము. వానికి పడవ నిలుపు రేవు, వల యారవేయు కళ్లము, చేపలెండబెట్టు నేల. 2004 డిసెంబరు 26న సముద్రము పొంగినప్పుడు ముందుగ దెబ్బతిన్నవాడు వాడే. వాని పడవలను ప్రక్కకు త్రోసి గొడుగులు పాతిన యాత్రాస్థలము ఎవనికి మేలు? యాత్రికుడు వెచ్చించిన రూపాయిలో పాళెమునకు చేరినదెంత, నెల్లూరి దుకాణమునకు చేరినదెంత, పరాయి కంపెనీకి పోయినదెంత యను ప్రశ్నను పదింటికి పదునొకండవదిగ చేర్చవలెను. మా దృష్టిలో ఇదియే అన్నింటికంటె ముఖ్యమైనది.

తీరమున నాలుగెకరములున్న భూస్వాములకు ఒక మాట. కృష్ణపట్టణమున 2008లో నూతన రేవు తెఱవబడినది. రామాయపట్టణమున 2022లో మరియొక రేవు నిర్మాణము మొదలైనది. భూమి ధర పెరుగునని విని, వసతిగృహములు కట్టుటకై అప్పు చేయుచున్నవారు గలరు. రాత్రి నిలుచువారెందఱో యెఱుగక గదులు కట్టుట, నీరున్నదో లేదో యెఱుగక బావి త్రవ్వుటవంటిది. 1991నుండి తీరప్రాంత క్రమబద్ధీకరణ నిబంధనలు అమలులో నున్నవని గూడ మఱువరాదు. విచారణ ప్రభుత్వమునకెంత యవసరమో మీకును అంతయే. దాని ఫలితములను కచేరీ బీరువాలలో బంధింపక ప్రకటింపుమని మీరే కోరవలెను.

కన్నులున్నవి గదా, చూచిన తెలియదా, ప్రశ్నలకు ధనమేల యని కొందఱందురు. కన్ను వచ్చినవానిని చూచును, రానివానిని చూడదు. కన్ను గుంపును చూచును. గుంపులోని గృహిణి మనస్సును చూడదు. మన దుగరాజపట్టణమున 1626లో దిగిన ఆంగ్ల వర్తకుడు సైతము, రేవును సరుకును విచారించి చూచి, లాభము చాలదని తలచి 1639-40లో చెన్నపట్టణమునకు తరలిపోయెను. దోచుకొనవచ్చినవాడు చేసిన పాటి విచారణను, స్వగృహమును చక్కదిద్దుకొను మనము చేయలేమా?

ఆంధ్రప్రదేశ ప్రభుత్వము తన 2024-29 విధానమున పర్యాటకమునకు పరిశ్రమ హోదా నిచ్చినది. పరిశ్రమ యన్న పిమ్మట లెక్క యుండవలెను. రానున్న వ్యయములో నూటికొక రూపాయి ముందుగ విచారణకు వేరుపరచి, ఆ జవాబులు వెలువడినంతవరకు క్రొత్త కట్టడమునకు పునాదిరాయి వేయరాదని జిల్లా యధికారులను, శాసనసభ్యులను కోరుచున్నాము. సముద్రము ఎక్కడికిని పోదు. ఒక్క యేడు ఓపికతో ఇసుకపై కూర్చుండి, వచ్చినవారి మాటయు, పాళెమువారి మాటయు విని, పిమ్మట నోరు తెఱచి లోకమును పిలిచెదము గాక.