నల్లగుడ్డుకూ గాలి కావాలి

మన ఒంట్లో దాదాపు అన్ని చోట్లకీ రక్తమే ప్రాణవాయువును మోసుకుపోతుంది. కొన్ని చోట్లకు మాత్రం రక్తం పోదు. నల్లగుడ్డు మీద అద్దంలాంటి పొర ఉంటుంది చూడండి, అది అలాంటిదే. దాన్ని కార్నియా అంటారు. అందులో రక్తనాళాలు ఉంటే వెలుతురు సాఫీగా లోపలికి పోదు. మరి దానికి ప్రాణవాయువు ఎట్లా అందుతుంది? బయటి గాలి కన్నీటి తడిలో కలిసి నేరుగా ఆ పొరకు చేరుతుంది.

ఈ చిన్న సంగతి మీద ఏళ్ల తరబడి పనిచేసిన ఆయన పేరు బ్రియాన్ హోల్డెన్. దేశం ఆస్ట్రేలియా. ఆయన ఆప్టోమెట్రిస్టు. అంటే చూపు పరీక్షించి, ఏ అద్దం సరిపోతుందో చెప్పేవారు. వీళ్లు ఆపరేషన్లు చెయ్యరు. జబ్బు కనబడితే కంటి డాక్టరు దగ్గరికి పంపుతారు. మన దేశంలో ఇది ఇంటర్ తర్వాత నాలుగేళ్ల చదువు.

కొందరు కళ్లజోడు బదులు కాంటాక్ట్ లెన్సు పెట్టుకుంటారు. చిన్న పలచని బిళ్ల అది. కంటి మీదనే కూర్చుంటుంది. సోకు కోసం పెట్టుకుంటారని చాలామంది అనుకుంటారు. కానీ కెరటోకోనస్ అనే జబ్బు ఉన్నవాళ్లను అడిగి చూడండి! ఈ జబ్బు ఎక్కువగా పదిహేను, ఇరవై ఏళ్ల వయసులో మొదలవుతుంది. పొర పలచబడి, కొసదేలి ముందుకు పొడుచుకొస్తుంది. కళ్లు అదేపనిగా నులుముకునే పిల్లల్లో ఇది ఎక్కువ. జబ్బు ముదిరితే కళ్లజోడు పెట్టినా చూపు సరిగా రాదు. అప్పుడు గట్టి లెన్సు గానీ, తెల్లగుడ్డు మీద ఆనే పెద్ద లెన్సు గానీ అమర్చాలి. పెద్ద లెన్సులో సెలైన్ నీరు నింపి పెడతారు. గతుకుల నేల మీద నీళ్లు నిలిస్తే పైన చదునుగా ఉంటుంది కదా, అట్లాగన్నమాట. చూపు తేటపడుతుంది. ఒక్కో కంటికి విడిగా కొలత తియ్యాలి. చాలా ఓపిక కావాల్సిన పని.

ఐతే లెన్సు మూత లాంటిది. గాలి అందకపోతే పొర ఉబ్బుతుంది. క్రిములు చేరితే పుండు పడుతుంది. పుండు మానినా మచ్చ మిగిలి చూపు పోవచ్చు. లెన్సు లేకపోయినా, రాత్రి రెప్ప మూసి నిద్రపోతే పొర నూటికి సుమారు 4 వంతులు ఉబ్బుతుంది. లెన్సు పెట్టినా అంతకు మించి ఉబ్బకుండా ఉండాలంటే ఎంత గాలి అందాలి? 1984లో హోల్డెన్, జార్జ్ మెర్ట్స్ కలిసి ఆ లెక్క తేల్చారు. గాలి బాగా ఆడే సిలికోన్ హైడ్రోజెల్ లెన్సులు 1999 ప్రాంతంలో బజారుకొచ్చాయి. వాటి తయారీలో హోల్డెన్ బృందం పని చాలా ఉంది. అయినా సరే, డాక్టరు చెబితే తప్ప లెన్సుతో నిద్రపోకూడదు. కుళాయి నీటితో దాన్ని కడగకూడదు.

లెన్సులతో పేరొచ్చాక ఆయన పేదవాళ్ల చూపు మీద దృష్టి పెట్టారు. పేద దేశాల్లో చూపు పరీక్షించేవాళ్లను తయారుచెయ్యడానికి 1998లో ఒక సంస్థ స్థాపించారు. 40 ఏళ్లు దాటాక దగ్గరి చూపు తగ్గుతుంది. సూదిలో దారం ఎక్కదు. అక్షరాలు అలుక్కుపోతాయి. సరైన కళ్లజోడు లేక 2005లో ప్రపంచంలో 41 కోట్ల మంది దగ్గరి పనులు సరిగా చేసుకోలేకపోయారని ఆయన బృందం 2008లో లెక్కగట్టింది. "ఈ వయసులో నాకు చదువెక్కదు" అని పలక పక్కన పెట్టేవాళ్లలో కొందరి సంగతి ఇదే. పలక కాస్త దూరంగా పట్టుకుంటే అక్షరం తేటగా కనబడుతోందా? ఐతే కంటి పరీక్ష చేయించుకోండి.

హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిని డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో ప్రారంభించారు. హోల్డెన్ ఈ ఆసుపత్రితో ఏళ్ల తరబడి కలిసి పనిచేశారు. 2015లో చనిపోయారు. అక్కడి ఆప్టోమెట్రీ కళాశాలకు ఇప్పుడు ఆయన పేరే ఉంది. ఆ ఆసుపత్రివాళ్లకు పల్లెల్లో చిన్న చిన్న కేంద్రాలు కూడా ఉన్నాయి. దగ్గరి చూపు పరీక్ష అక్కడే చేస్తారు.