కొవ్వొత్తి ఆర్పినవాడు గురి తప్పాడు

డబ్లిన్ శివారు సిటీవెస్ట్ నుంచి నేస్ రోడ్డెక్కి నైరుతి దిక్కుగా వెళితే, రాత్‌కూల్ దాటాక కిల్ అనే ఊరొస్తుంది. కారులో పావుగంట. ఇక్కడి తెలుగు కుటుంబాలు సెలవురోజున కిల్డేర్ విలేజ్‌కి షాపింగ్‌కు పోయే దారే ఇది. ఆ ఊరికి దగ్గర్లో బిషప్స్‌కోర్ట్ ఎస్టేటు ఉంది. 1815 ఫిబ్రవరి 1న, మంచు పడిన ఆ నేల మీద ఇద్దరు మనుషులు పది అంగల ఎడంగా నిలబడి పిస్తోళ్లు పేల్చుకున్నారు. ఒకరు డేనియల్ ఓకానెల్. డబ్లిన్ నడిబొడ్డునున్న పెద్ద వీధికి ఆయన పేరే. రెండోవాడు జాన్ నార్‌కాట్ డెస్టర్.

తగువు మాట దగ్గర మొదలైంది. క్యాథలిక్కుల హక్కుల కోసం పోరాడుతున్న లాయరు ఓకానెల్, డబ్లిన్ నగరపాలక సంస్థను సభలో బిచ్చగాళ్ల సంస్థ అనేశాడు. ఆ సంస్థ సభ్యుడైన డెస్టర్ మాట వెనక్కి తీసుకోమన్నాడు. ఓకానెల్ ససేమిరా అన్నాడు. డెస్టర్ కొరడా పట్టుకుని వీధుల్లో వెతికాడు. చివరికి సవాలు దాకా వచ్చింది.

డెస్టర్ అల్లాటప్పా మనిషి కాదు. మెరైన్ దళంలో అధికారిగా చేసినవాడు, పిస్తోలు గుండుతో కొవ్వొత్తి వెలుగు ఆర్పగలడని పేరు. పందెం కాసేవాళ్లుంటే అంతా అతని వైపే కాసేవారు. కానీ ముందు పేలిన అతని గుండు ఓకానెల్ ఎదుట నేలలో దిగబడింది. వెంటనే ఓకానెల్ కిందికి గురిపెట్టి కాల్చాడు. గుండు డెస్టర్ తొంటిలోకి దూసుకుపోయింది. రెండు రోజులకు అతను కన్నుమూశాడు.

పది అంగలంటే ఏడెనిమిది మీటర్లు. కొవ్వొత్తిని కొట్టగలిగినవాడు అంత దగ్గర్లో నిలువెత్తు మనిషిని ఎలా తప్పాడు? పాత పిస్తోళ్లు అంతేలే, గురి కుదరదు అని చాలామంది తేలిగ్గా తేల్చేస్తారు. నేను ఒప్పుకోను. ఆ కాలపు ద్వంద్వయుద్ధపు పిస్తోలు చాలా మంచి పనితనం. తప్పు దాని గొట్టంలో కంటే, మీట నొక్కిన వేలికీ గుండు బయటపడే క్షణానికీ మధ్య ఉంది.

చేతిలోకి తీసుకున్నట్టు ఊహించండి. ఎనిమిది పలకల ఇనుప గొట్టం, ఇంచుమించు తొమ్మిది పది అంగుళాలు. బరువు ముందుకు లాగుతుంటుంది. ముందు తుపాకిమందు కొలిచి పోయాలి. తర్వాత సీసపు గుండు. అది గొట్టం కంటే కాస్త సన్నం. వదులుగా వదిలేస్తే లోపల అటూ ఇటూ గోడలకు తగులుతూ, చివర ఎటు తగిలిందో అటు పోతుంది. అందుకే కొవ్వు రాసిన గుడ్డముక్కలో చుట్టి, కడ్డీతో బిగువుగా దట్టించాలి. ఇంత శ్రద్ధగా నింపితే లోపల గాడుల్లాంటి మరలు లేని నున్నటి గొట్టం కూడా దగ్గర దూరాల్లో నమ్మకంగా కొడుతుంది.

ఇక మీట. నొక్కగానే చెకుముకి రాయి పట్టుకున్న సుత్తి ఉక్కు రేకు మీద పడుతుంది. రవ్వలు చిన్న పళ్లెంలోని మెత్తటి మందు మీద రాలతాయి. అది భగ్గుమని, ఆ మంట పక్కనున్న సన్నటి రంధ్రంలోంచి లోపలికి దూరి అసలు మందును అంటించాలి. మంచి పనితనమైతే ఇదంతా సెకనులో పదో వంతు లోపే అయిపోతుంది. కానీ ఆ కాస్త వ్యవధిలో చెయ్యి కదలకూడదు. కంటి ముందే మంట ఎగసినా రెప్ప వేయకూడదు. కొవ్వొత్తి ఎదురు కాల్చదు, మనిషి కాలుస్తాడు. ఆత్రంగా మీట లాగితే గొట్టం మూతి కిందికి వాలుతుంది, గుండు నేలలోకి పోతుంది. బిషప్స్‌కోర్ట్‌లో జరిగింది ఇదేనని నా నమ్మకం.

ఈ సంగతి ఆ కాలపు పెద్దమనుషులకు బాగా తెలుసు. 1777లో టిప్పరరీ, గాల్వే, మేయో, స్లైగో, రాస్‌కామన్ కౌంటీల వాళ్లు క్లోన్‌మెల్‌లో కూడి ద్వంద్వయుద్ధానికి నియమావళి రాసుకున్నారు. గొట్టంలో మరలు ఉండకూడదు, గుండు ఒక్కటే ఉండాలి. గాలిలోకి కాల్చి సరిపెట్టడం కుదరదు. మందు అంటుకోకపోయినా అది ఒక కాల్పు కిందే లెక్క. నాడులు అదిరి చెయ్యి వణికేంత గాయమైతే ఆనాటికి పోరు ఆపేయాలి. చెయ్యి వణుకును నియమాల్లో రాసుకున్నారంటే, గురి ఎక్కడ చెడుతుందో వాళ్లకు ఎంత స్పష్టంగా తెలుసో చూడండి.

మందు అంటుకోకపోవడం మన దేశంలోనూ చరిత్రకెక్కింది. 1780 ఆగస్టు 17న కలకత్తాలో గవర్నర్ జనరల్ వారన్ హేస్టింగ్స్, ఆయన మండలి సభ్యుడు ఫిలిప్ ఫ్రాన్సిస్ తలపడ్డారు. ఫ్రాన్సిస్ మందు చెమ్మగిల్లి పిస్తోలు మొదట పేలలేదు. బెంగాల్ వానాకాలంలో చెమ్మ తగిలిన మందు దీపావళికి చెమ్మ పట్టిన చిచ్చుబుడ్డిలాగే మొరాయిస్తుంది. మళ్లీ మందు మార్చి కాల్చుకున్నారు. ఫ్రాన్సిస్ గాయపడ్డాడు, బతికాడు.

ఇలా మొరాయించినా, వణికినా, ఈ పిస్తోళ్లు ప్రాణాలు తీయలేదనుకోవద్దు. బ్రిటన్ రాజు మూడో జార్జ్ కాలంలో జరిగిన 172 ద్వంద్వాల్లో 69 మంది చనిపోయారని 1821లో గిల్‌క్రిస్ట్ అనే రచయిత లెక్క రాశాడు. మాట పట్టింపుకు ఇంత మందిని పోగొట్టుకోవడం ఘోరం.

ఓకానెల్‌కు ఆ ఘోరం బాగా అర్థమైంది. డెస్టర్ భార్యకు తన రాబడిలో వాటా ఇస్తానన్నాడు, ఆమె వద్దంది. కూతురికి మాత్రం తాను చనిపోయేదాకా భత్యం పంపాడు. చర్చిలో పవిత్ర ప్రసాదం తీసుకునేటప్పుడు ఆ కుడిచేతికి తొడుగు వేసుకునేవాడని చెబుతారు. 1815లోనే రాజకీయ నాయకుడు రాబర్ట్ పీల్‌తో మరో ద్వంద్వం దాకా వెళ్లినా అది జరగలేదు. తర్వాతి కాలంలో రక్తం చిందని రాజకీయమే తన దారి అని ఆయన పట్టుబట్టాడు. ఆయన పిస్తోళ్లను చూడాలంటే కెర్రీ కౌంటీలోని డెరినేన్ హౌస్‌కు వెళ్లాలి. అక్కడ గొట్టం పొడవు, పిడి వంపు గమనించండి. చెయ్యి చాస్తే కన్ను వెతుక్కోకుండానే చూపు ఉన్నచోటికి మూతి తిరిగేలా ఆ పిడిని మలిచారు.

ఈ పిస్తోళ్లలో నిజంగా ఎంత గురి ఉందో తేల్చేవి ఇవాళ్టి పోటీలు. ముందునుంచి మందు దట్టించే తుపాకుల అంతర్జాతీయ సంఘం ఎంఎల్ఏఐసీ 1971లో ఏర్పడింది. నిజమైన పాత ఆయుధాలకు వేరుగా, నకళ్లకు వేరుగా పోటీలు పెడుతుంది. నున్నటి గొట్టపు చెకుముకి పిస్తోలుకు ‘కొమినాట్సో’ అనే పోటీ, మరలున్న పిస్తోలుకు ‘కూహెన్‌రాయిటర్’ అనే పోటీ. ఒంటిచేత్తో, నిలబడి, 25 మీటర్ల నుంచి కాల్చాలి. బిషప్స్‌కోర్ట్ దూరానికి ఇది మూడింతలు. కూహెన్‌రాయిటర్‌లో పది మార్కుల వలయం వెడల్పు అయిదు సెంటీమీటర్లే. అయినా మేటి షూటర్లు నూటికి తొంభై దాటుతారు. వాళ్ల ఎదుట పిస్తోలు పట్టుకున్న మనిషి ఉండడు, కాగితమే ఉంటుంది. అరగంటలో 13 సార్లు కాల్చి, వాటిలో మేలైన 10 లెక్కలోకి తీసుకోవచ్చు. క్లోన్‌మెల్ పెద్దలు ఒక్కటి తప్పినా మన్నించలేదు, ఇక్కడ మూడు మన్నిస్తారు.